నూనె పోయవలసిన తల నాది

సహోదరులారా, సహోదరీలారా, మన పత్రికలో నా సాక్ష్యం అచ్చు కావడం ఇది రెండోసారి. మొదటిదాన్ని చదివి మీలో చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నారు, కొందరు కత్తిరించి బైబిల్లో దాచుకున్నారు కూడా. దాని పేరు ‘దేవుడు నా భార్య గర్భమును తెరిచెను’. అందులో దేవుడు ఉన్న మాట నిజం, నా భార్య ఉన్న మాట నిజం, పాప పుట్టిన మాట నిజం. కాని నా భార్య గర్భం ఏనాడూ మూసుకొని లేదు! మూసుకొని ఉన్నది నా నోరు. దాన్ని తెరవడానికి దేవునికి ఇన్నేళ్ళు పట్టింది. దాచుకున్న ఆ ముక్కను దయచేసి తీసేసి, ఆ చోట ఇది పెట్టుకోండి.

ముందు నా చీకటి రోజుల గురించి చెబుతాను. బరంపురంలో మాది మిక్చరు వ్యాపారం, తాతల నాటిది. కారప్పూస, బూందీ, పప్పుచెక్కలు వేయించి, బస్తాల్లో కట్టి, సముద్రపు ఒడ్డు ఊళ్ళ దుకాణాల దాకా పంపుతాం. మా నాన్నకు రెండు నియమాలు ఉండేవి. ఒకటి, బట్టీ ముందు ఇంటి మగవాడే నిలబడాలి, జీతగాడు నిలబడితే బూందీ నూనె తాగేస్తుంది. రెండు, నిలబడే మగవాడు లంగోటా బిగించి కట్టాలి, లేకపోతే వరిబీజం దిగుతుంది. మన తీరంలో దయ్యం అంటే భయపడని మగవాడు ఉంటాడేమో గాని వరిబీజం అంటే భయపడనివాడు లేడు కదా! అందుచేత మీసం మొలవక ముందు నుండి నేను పొద్దున మొదలుకొని సాయంత్రం వరకు, లోపల ఊపిరాడనంతగా లంగోటా బిగించి, పైన లుంగీ కట్టి, పెదవి కింద ఖైనీ పెట్టుకొని, నడుము ఎత్తున మండే బట్టీకి ఆనుకొని నిలబడేవాణ్ణి. అప్పటికి నా పేరు అప్పారావు. కండలు తిరిగిన మనిషిని, నూనె డబ్బాను ఒంటి చేత్తో ఎత్తి కళాయిలో వంపేవాణ్ణి. మగతనానికి అంతకన్న పరీక్ష ఏముంటుందని నా నమ్మకం.

సరోజను పెళ్ళి చేసుకొన్నాను. ఒక ఏడు గడిచింది, ఇంకో ఏడు గడిచింది, తరువాత లెక్కపెట్టడం మానేశాం. పిల్లలు లేరు. మా అమ్మ తిరగని గుడి లేదు, సరోజ ఉండని ఉపవాసం లేదు. చివరికి హల్దియాపదర్‌లో ఒక ప్రార్థన కూడికకు వెళ్ళమని పొరుగింటివారు చెబితే వెళ్ళాం. సహోదరులారా, పిల్లల కోసం వెళ్ళాం, యేసయ్య కోసం అక్కడే ఉండిపోయాం! ఆ మాట మాత్రం అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే, దేవునికే మహిమ.

బాప్తిస్మం రోజున ఏ పేరు కావాలని పాస్టరుగారు అడిగారు. ఆలోచించకుండా అబ్రాహాము అన్నాను. ఎందుకంటే అబ్రాహాముకు ఏ లోపమూ లేదు, గొడ్రాలు శారా! బైబిల్లోని గొడ్రాళ్ళ పేర్లు శారా, రిబ్కా, రాహేలు, హన్నా, ఎలీసబెతు అని నేను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాణ్ణి. బజారులో మాత్రం నా పేరు నన్ను బతకనివ్వలేదు. మిక్చరు కొనడానికి వచ్చినవాళ్ళు, “అబ్రామ్ సావుకారూ, అనేక జనములకు తండ్రివంట గదా, జనములేవీ అగుపడవేటి?” అని నవ్వేవాళ్ళు. నేను వాళ్ళతో పాటు నవ్వి, ఇంటికి వెళ్ళి సరోజ మీద కసిరేవాణ్ణి.

ఇక శుక్రవారపు ఉపవాస ప్రార్థన. ప్రతి శుక్రవారం నేను లేచి నిలబడి, గొంతు గద్గదంగా చేసుకొని, “సంఘమా, నా భార్య గర్భం కోసం ప్రార్థించండి” అనేవాణ్ణి. సహోదరీలు సరోజను మధ్యలో కూర్చోబెట్టి, ప్రార్థించిన కొబ్బరినూనె ఆమె తల మీద పోసేవాళ్ళు. ఒకరు పోశాక ఇంకొకరు, ఆమె ఏడ్చిన కొద్దీ ఇంకొంచెం. నూనె జడలోంచి జారి, జాకెట్టు తడిసి, చాప మీద మడుగు కట్టేది. ఒక శుక్రవారం ఇంటికి వస్తూ రిక్షాలో సరోజ కొంగుతో మెడ తుడుచుకొంటూ, “ఏటండీ, మీ కళాయిలో బూంది కన్నా నానే ఎక్కువ నూనిలో ములిగున్నాను” అన్నది. నేను నవ్వాను. అది నవ్వవలసిన మాట కాదని నాకు అప్పుడు తెలియలేదు.

ఆమె ఆస్పత్రికి కూడా వెళ్ళేది. ఒంటరిగానే. సూదులు, స్కానింగులు, గర్భపు గొట్టంలోకి రంగు ఎక్కించి తీసే ఫొటోలు, అన్నీ ఆమెకే. వచ్చిన ప్రతిసారీ ఒకే కబురు.

“డాక్టరమ్మ మిమ్మల్ని తెమ్మంటంది.”

“నానెందుకే? నాకేటి రోగం?”

“నాకు మాత్రం ఏటుందని? అన్నీ బాగున్నాయంటంది గదా.”

“బట్టీ నీ బాబు సూస్తాడా?”

అంతే, మాట అక్కడితో సరి. ఒకసారి ఆమె వదలకుండా అడిగితే నేను నూనె డబ్బా ఒంటి చేత్తో ఎత్తి చూపించాను. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, “దింపండి, నడుం పట్టీగలదు” అని లోపలికి వెళ్ళిపోయింది.

మా అమ్మ సంఘంలోకి అడుగు పెట్టేది కాదు. వరండాలో చెప్పుల దగ్గర కూర్చొని తమలపాకు నములుతూ వాక్యం మొత్తం వినేది. ఒక ఆదివారం పాస్టరుగారు హాగరు సంగతి బోధించారు. ఇంటికి రాగానే అమ్మ మొదలుపెట్టింది.

“ఒరే, మీ అయ్యగారే సెప్పినాడు గదరా! ఆ అబ్రాముకి పెళ్ళాం కడుపు పండకపోతే ఇంకో దాన్ని తెచ్చుకున్నాడంట గదా! మీ పుస్తకంలో ఉన్నదే సెప్తన్నాను, నా సొంతం ఏటీ నేదు. సోంపేటలో మంచి పిల్ల ఉంది.”

సహోదరులారా, ఆ మాటకు నేను చీ అనాలి. అబ్రాహాము ఆ పని చేసి ఎంత ఏడ్చాడో అమ్మకు చెప్పాలి. నేను అన్నది ఏమిటో తెలుసా? “ఏటి సదువుకుంది?” అన్నాను. సరోజ పక్కనే కూర్చొని బియ్యం ఏరుతోంది. ఆమె చేయి చేటలోనే ఆగిపోయింది. ఆ ఆగిన చేయిని తలచుకొంటే ఈ రోజు కూడా నాకు ముద్ద దిగదు.

ఆ సాయంకాలం దీపాలు పెట్టే వేళ కుటుంబ ప్రార్థనలో వాక్యం చదివే వంతు సరోజది. ఆమె మోషే చెప్పిన ఆశీర్వాదాల దగ్గరికి తీసి, దేవుని మాట వినే జనంలో మగవానికి గాని ఆడదానికి గాని గొడ్డుతనం ఉండదని ఉన్న చోట వేలు పెట్టి, ఆ వేలు తీయకుండా బైబిలును నా వైపు తిప్పింది.

“మీరు సదవండి. ఎవల పేరు ముందుంది?”

చదివాను. మగవాడి పేరే ముందుంది! గొడ్రాళ్ళ పేర్లన్నీ కంఠతా పట్టిన నాకు, మగవాడికి కూడా గొడ్డుతనం ఉంటుందని మోషే నాటికే దేవుడు చెప్పిన సంగతి తెలియదు. ఆ తరువాత ఆమె మోకరించి చేసిన ప్రార్థన నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. “తండ్రీ, నా తల మీద నూనె సాలు. ఈయన తలలోకి బుద్ధి పొయ్యి. ఈ వారంలో ఈయన్ని ఆస్పత్రి మెట్లైనా ఎక్కించు, నన్ను మా పుట్టింటి బస్సైనా ఎక్కించు. రెండిట్లో నీకేది సిత్తమైతే అది సెయ్యి. ఆమెన్.”

నేను ఆమెన్ అనలేదు. దేవదూత మాట నమ్మని జెకర్యా నోరు పడిపోయినట్టు నాదీ పడిపోయింది. కాని సోమవారం ఆస్పత్రికి వెళ్ళాను.

ఎలా వెళ్ళానంటారా? మే నెల ఎండలో, దొంగలా, ముఖానికి గళ్ళ తువ్వాలు చుట్టుకొని, కళ్ళు మాత్రం కనబడేలా! బెంచీ మీద తల వంచుకొని కూర్చొన్నాను. పక్కన ఇంకొకాయన నాలాగే టోపీ ముక్కు దాకా లాక్కొని కూర్చొన్నాడు. కొంతసేపటికి ఆయన గాలి పీల్చి మెల్లగా అన్నాడు, “సావుకారూ, ముకం దాసేవు గాని వాము వాసన దాయనేకపోనావు.” వామూ కారమూ కలిసిన వాసన నా ఒంట్లోంచి ఎన్ని స్నానాలు చేసినా పోదు. ఆయన రామయ్యపట్నంలో నా సరుకు అమ్మే దుకాణదారుడు!

“నువ్వేటి ఇక్కడ?” అన్నాను.

“పన్ను నొప్పి. నీకో?”

“నాకూ పన్నే.”

అంతలో నర్సు వచ్చి మా ఇద్దరి పేర్లూ పిలిచి, ఇద్దరి చేతుల్లోనూ ఒకే రకం చిన్న ప్లాస్టిక్ డబ్బాలు పెట్టి, ఎదురెదురుగా ఉన్న రెండు గదులు చూపించింది. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆ గదిలో నేను చేసిన ప్రార్థనను సంపాదకులు తీసేయకపోతే ఇక్కడ రాస్తాను: “ప్రభువా, నీవు అంతటా ఉండువాడవు, కాని ఈ ఒక్క పావుగంట బయట బెంచీ మీద ఉండి నన్ను బలపరచుము.” ఆయన బలపరిచాడు. దేవునికే మహిమ.

రెండుసార్లు పరీక్ష చేశాక డాక్టరమ్మ నన్నూ సరోజనూ కలిపి పిలిచింది. ఆమె ఒడియా ఆవిడ, తెలుగు వచ్చీరాని విధంగా మాట్లాడుతుంది, అయ్యా అనడానికి ఆజ్ఞా అంటుంది. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. బట్టీ ఎంత ఎత్తు అని అడిగింది. నడుము మీద చేయి పెట్టి చూపించాను. లోపల ఏం కడతారని అడిగింది. సరోజ ముందు తల వంచుకొని లంగోటా సంగతి చెప్పాను. డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

“ఆజ్ఞా, అక్కడ మిక్చర్ ఒకటే కాదు, మీరు మీ పిల్లల్ని కూడా వేయిస్తున్నారు!”

తరువాత మంచిగానే వివరించింది. నా వీర్యంలో బీజాల సంఖ్య తక్కువ, ఉన్నవాటికి ఈదే బలం తక్కువ. ఆ భాగం చల్లగా ఉండాలనే దేవుడు దాన్ని ఒంటికి బయట ఉంచాడట, నేను దాన్ని బిగించి కట్టి నిప్పుకు అప్పజెప్పాను. దానికి తోడు అక్కడి నరాలు ఉబ్బి వేడిని పెంచుతున్నాయి, దానికి తోడు ఖైనీ. “మరి నాను నూని డబ్బా ఒంటి సేత్తో ఎత్తుతాను గదమ్మా?” అన్నాను. “అది భుజం ఆజ్ఞా,” అన్నది ఆమె. సరోజ మొదటిసారి నవ్వింది. డాక్టరమ్మ మాత్రం నవ్వకుండా, పిల్లలు లేని ఇళ్ళలో చాలా చోట్ల లోపం మగవాడిలో గాని ఇద్దరిలో గాని ఉంటుందని, అయినా బెంచీ మీద ఎప్పుడూ ఆడవాళ్ళే ఒంటరిగా కూర్చొంటారని చెప్పింది.

ఉబ్బిన నరాలకు చిన్న ఆపరేషన్ జరిగింది. ఖైనీ మానేశాను. అది ఒక పెద్ద యుద్ధం, కాని దేవుడు గెలిపించాడు. లంగోటాలన్నీ అమ్మకు ఇచ్చేస్తే సంగతి తెలియక వాటితో పెనం తుడిచింది. బట్టీ దగ్గర వంటవాణ్ణి పెట్టాను. అతనికి ముందే ప్రమాదం చెప్పాను. “నాకు ముగ్గురున్నారు సావుకారూ, ఇంక ఏగినా పరవానేదు” అన్నాడు. అయినా బట్టీకి అడ్డంగా గోడ కట్టించి, పైన ఫ్యాను పెట్టించాను. బూందీ నూనె తాగలేదు! నెలలు గడిచాయి, పరీక్షలో బీజాలు పెరిగాయి, ఆ తరువాతి ఏడాది సరోజ కడుపు పండింది. మా పాప కృప పుట్టింది. దాన్ని చేతుల్లోకి తీసుకొన్న రోజున, ఒంటి చేత్తో డబ్బా ఎత్తినవాణ్ణి, రెండు చేతులూ చాలక సరోజ చేయి కూడా కింద పెట్టమన్నాను!

సాక్ష్యం ఇక్కడ ముగియాలి. కాని నా పాపం ఇక్కడే మొదలైంది. ఆపరేషన్ అప్పుడు నేను సంఘానికి ఏం చెప్పానో గుర్తుందా? వరిబీజమని చెప్పాను! పాప పుట్టాక వేదిక మీద నిలబడి, దేవుడు నా భార్య గర్భం తెరిచాడని కన్నీళ్ళతో చెప్పాను, మీరంతా హల్లెలూయ అన్నారు, పత్రికవారు అచ్చు వేశారు. ఆ రోజు ఇంటికి వచ్చాక సరోజ అన్నం వడ్డిస్తూ ఒక్క మాట అడిగింది. “తెరిసింది దేవుడు సరే. మూసిందెవలు?” నేను పప్పు కలుపుకొంటూ కూర్చొన్నాను. ఆమె మళ్ళీ ఏనాడూ అడగలేదు.

ఆ సాక్ష్యం చదివి ఎక్కడెక్కడి నుండో పిల్లలు లేని ఆడబిడ్డలు నూనె సీసాలు పట్టుకొని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. గర్భం తెరుచుకొన్న సరోజమ్మ చేయి తల మీద పెడితే చాలని వాళ్ళ నమ్మకం. సరోజ ప్రతి ఒక్కరినీ అడిగేది, “మీ ఆయన పరీక్ష సేయించుకున్నాడా అమ్మా?” అని. వాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, “అయ్యో, మీ ఆయన సేయించుకున్నాడేటమ్మా?” అని ఎదురు అడిగేవాళ్ళు. అప్పుడు ఆమె నా పరువు కోసం తల దించుకొని, ఏమీ అనకుండా నూనె పోసేది. నేను పక్క గదిలో ఉండి అంతా వినేవాణ్ణి.

కిందటి నెలలో మన సంఘానికే చెందిన కరుణ వచ్చింది. ఆమె పుట్టిల్లు మార్కండి, ఉపవాసాలతో చిక్కి, ఆ ముందు శుక్రవారమే ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయింది. వెంట ఆమె అత్త మరియమ్మ, గుమ్మం బయట బులెట్ బండికి ఆనుకొని ఆమె భర్త ప్రకాశ్. వాళ్ళ సంగతి వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను.

“సరోజమ్మా, ఈపాలి నూని ఎక్కువ పొయ్యి,” అన్నది మరియమ్మ. “ఇదే ఆకరు. ఇంకా కడుపు రాకపోతే మార్కండి బస్సు ఎక్కించీడమే.”

“మీ అబ్బాయిని డాక్టరుకి సూపించినారా?”

“మావోడికేటి? సిమ్మెంటు బస్తా ఒంటి సేత్తో ఎత్తుతాడు!”

సహోదరులారా, ఆ మాట నా చెవిలో కోడి కూతలా పడింది. పేతురుకు కోడి కూసింది, నాకు మరియమ్మ కూసింది! నేను పక్క గదిలోంచి బయటికి వచ్చేశాను.

“నానూ ఎత్తీవోణ్ణి,” అన్నాను.

“ఏటి బావూ?”

“నూని డబ్బా. ఒంటి సేత్తోనే. అయినా లోపం నాదే. సరోజకి ఏనాడూ ఏటీ నేదు. ఆపరేషన్ వరిబీజానికి కాదు, పిల్లల కోసం.”

మరియమ్మ నోరు తెరిచింది, మూయలేదు. కరుణ ఏడుపు ఆపేసి నన్ను చూసింది. బయట బులెట్ బండి గట్టిగా స్టార్టయి వెళ్ళిపోయింది. సరోజ మాత్రం చేతిలోని నూనె సీసాకు మెల్లగా మూత బిగించింది.

ఇంట్లో చెప్పింది చాలదు, అబద్ధం వేదిక మీద చెప్పాను గనుక నిజమూ వేదిక మీదే చెప్పాలి. ఆదివారం ఆరాధనలో నిలబడి, బట్టీ, లంగోటా, తువ్వాలు, డబ్బా, సోంపేట, ఏదీ దాచకుండా చెప్పాను. ఎవరూ హల్లెలూయ అనలేదు. అప్పుడు వరండాలో చెప్పుల దగ్గర నుండి మా అమ్మ గొంతు లోపలి దాకా వినబడింది.

“అయితే ఆ సోంపేట పిల్ల బతికిపోనాదన్నమాట!”

మందిరం మొత్తం నవ్వింది. పాస్టరుగారు బల్ల పట్టుకొని నవ్వారు. అమ్మ ఆ రోజే మొదటిసారి లేచి, గడప దాటి లోపలికి వచ్చి, నేరుగా సరోజ దగ్గరికి వెళ్ళి, ఆమె గడ్డం పట్టుకొని, “నన్ను సమించమ్మా, నాను ఎదవని కన్నాను” అన్నది. పాస్టరుగారు నన్ను మోకరించమని నూనె సీసా తెప్పించారు. ఒక చుక్క నుదుట రాయబోతుంటే సరోజ లేచి, “అయ్యగారూ, సుక్క కాదు. నాకు ఎలాగ పోసినారో అలాగే పోయండి” అన్నది. సహోదరీలు వరసగా వచ్చారు. నూనె నా మీసాల్లోంచి కారి, చొక్కా తడిసి, చాప మీద మడుగు కట్టింది. అప్పుడు నాకు తెలిసింది, శుక్రవారం తరువాత శుక్రవారం ఆమె దేనిలో కూర్చొందో. నేను ఏడ్చాను. ఆమె వచ్చి కొంగుతో నా మెడ తుడిచింది.

మర్నాడు దుకాణం ముందు బులెట్ బండి ఆగింది. ప్రకాశ్ పావుకిలో మిక్చరు కొన్నాడు. వెళ్ళలేదు. ఇంకో పావుకిలో కొన్నాడు. వెళ్ళలేదు. మూడో పొట్లం కడుతుండగా, ఎటో చూస్తూ, “బాబాయ్, ఆ తువ్వాలు ఇంకా ఉందేటి?” అన్నాడు.

“ఉంది. కాని నీకెందుకురా? నాను ఒట్టి ముకంతో నీ పక్కన కూకుంటాను. సూసీవోళ్ళు నన్నే సూస్తారు, నిన్నెవడు సూస్తాడు?”

అలాగే వెళ్ళాం. ఒక పక్క నేను, ఇంకో పక్క కరుణ, మధ్యలో సిమెంటు బస్తాల వీరుడు. లోపం అతనిదో ఆమెదో ఇద్దరిదో ఇంకా తెలియదు, బిడ్డను ఇచ్చేది దేవుడు. ఇవ్వకపోయినా ఆ పిల్ల ఏమాత్రం తక్కువైనది కాదు. కాని మార్కండి బస్సు మాట ఆ ఇంట్లో ఆగిపోయింది. ఆ బెంచీ మీద భార్యాభర్తలు కలిసి కూర్చొన్నారు, నా కన్నులతో చూసిన మొదటి అద్భుతం అదే!

నన్ను వేడి నుండి, పొగాకు నుండి, అన్నిటికన్న మించి నా మగతనమనే పిచ్చి గర్వం నుండి విడిపించిన దేవునికి, నా పరువు కోసం ఇన్నేళ్ళు తన నోరు మూసుకొన్న సరోజకు, ఈ సంఘం ఎదుట వందనాలు చెల్లిస్తున్నాను. ఇది చదువుతున్న అన్నలారా, తమ్ముళ్ళారా, మీ భార్య తల మీద నూనె పోయించే ముందు మీ తల ఒకసారి వంచండి. దేవుని నమ్మండి, ఆయన చేసిన డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. సిగ్గుగా ఉంటే మా దుకాణానికి రండి. ఏమీ అడగనక్కరలేదు. పావుకిలో మిక్చరు కొని, వెళ్ళకుండా ఊరికే నిలబడండి. నాకు అర్థమవుతుంది, చొక్కా వేసుకొని మీతో వస్తాను. దేవునికే మహిమ.